ఇత్తిలా లేని జుర్మానా

జుమ్మా నమాజ్ అయి ఇంటికొచ్చి, దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నాక మా మామూజాన్ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. 1035 రూపాయలు. తెలంగాణలో బండి ఉన్న ఏ ఇంట్లోనైనా ఈ అంకె చెబితే చాలు, ఓవర్ స్పీడ్ అని పిల్లలు కూడా చెప్పేస్తారు. వెయ్యి జుర్మానా, ముప్ఫై ఐదు యూజర్ ఛార్జీ. ఫోటోలో మామూ పాత స్కూటర్, ముందు కూరగాయల సంచీ. స్పీడు 54, అక్కడి హద్దు 40.

మామూ ముప్ఫై నాలుగేళ్లు గోదావరిఖనిలో బాయి పని చేసి రిటైరైన మనిషి. కోల్ ఫిల్లర్‌గా చేరి మైనింగ్ సర్దార్‌గా దిగారు. ఆయనకి డబ్బు గురించి బాధ లేదు. "ముప్పై నాలుగేండ్లల్ల నా మీద ఒక్క చార్జిషీట్ లేదు బేటా. గిప్పుడు ముసలితనంల జుర్మ్ చేసిన్నా?" అన్నారు. బిర్యానీ చల్లారిపోయింది. ముమానీ కోప్పడ్డది.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. బావ కట్టేయమన్నాడు. చెల్లెలు కట్టొద్దు, ఆగమంది, మాఫీ వస్తుందని. ఆమె మాటా తప్పు కాదు. 2022 మార్చిలో సర్కారు పెండింగ్ చలాన్ల మీద బైకులకి 75 శాతం మాఫీ ఇచ్చింది. 2023 డిసెంబర్ 26 నుంచి మళ్లీ ఇచ్చింది, ఈసారి బైకులకి 80 శాతం. జనం లైన్లు కట్టి కట్టేశారు. కట్టినవాళ్లలో ఎంతమంది నిజంగా తప్పు చేశారో, ఎంతమంది బోర్డు కనపడక దొరికిపోయారో ఎవరూ అడగలేదు. సంక్రాంతి సేల్ లాగా మాఫీ వస్తుందని ఎదురుచూసే జనానికి అపీలు అనే హక్కు ఒకటుందని గుర్తుండదు.

మర్నాడు నేనూ మామూ ఆ జాగాకి వెళ్లాం. బొగ్గు టిప్పర్లు రాత్రీ పగలూ తిరిగే రోడ్డు. దాని పేరు రాయను, మామూ విషయం ఇంకా తేలలేదు కాబట్టి. మలుపు దగ్గర ఎడమ పక్కన ఒక కంభం, దానికో గుండ్రటి తఖ్తీ. ముందు ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ చినిగి వేలాడుతోంది. తఖ్తీ మీద బొగ్గు దుమ్ము ఎంత మందంగా పేరుకుందంటే, ఎర్ర చుట్టు కూడా బూడిద రంగులోకి తిరిగింది. లోపలి అంకె నాలుగడుగుల దూరం దాకా వెళ్తేగానీ కనపడలేదు. నేను ఫోటోలు తీస్తుంటే మామూ ఒక మాటన్నారు. ఈ మొత్తం వ్యాసం ఆ మాట వల్లే రాస్తున్నాను.

"బాయి కాడ కానూన్ గోడ మీదుంటది. గోడ మీద లేకుంటే ఇన్‌స్పెక్టర్ మేనేజర్నే పట్టుకుంటడు, మజ్దూర్ని కాదు."

నిజమే. 1952 గనుల చట్టంలో సెక్షన్ 62 అనేది ఒకటుండేది. చట్టం, నిబంధనల సారాంశాలను గని దగ్గర గోడకి అంటించి ఉంచాలి, ఇంగ్లీషులోనే కాదు, నిర్ణయించిన ఇతర భాషల్లో కూడా. తట్ట మోసేవాడు, పెట్టె తోసేవాడు చదవగలగాలని, లేదా ఎవరితోనైనా చదివించుకోగలగాలని. సింగరేణి లాంటి చోట ఇది మామూలు సంగతి కాదు. 1871 ప్రాంతంలో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాక, 1886లో హైదరాబాద్ (డెక్కన్) కంపెనీ ఇంగ్లండులో రిజిస్టరైంది, 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ అయింది, 1945లో నిజాం సర్కారు చేతికొచ్చింది. తవ్వకం 1960 ప్రాంతంలో గోదావరి ఒడ్డుకి చేరినప్పుడు పల్లెపల్లె నుంచీ, దూరపు రాష్ట్రాల నుంచీ కూడా మజ్దూర్లు వచ్చారు. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ ఒకే కేజీలో కిందికి దిగేవి. మేనేజరు ఇంగ్లీషు, చట్టం ఇంగ్లీషు, చచ్చిపోయేది మాత్రం ఇంగ్లీషు రానివాడు. గోడ మీది కాగితం అందుకే. (సర్దార్ అనే ఫార్సీ మాట ఆ ఇంగ్లీషు నిబంధనల్లో ఇప్పటికీ ఒక హోదా పేరుగా ఉంది. మామూకి ఆ సర్టిఫికెట్ మీద ఉన్నంత గర్వం హజ్ ఫోటో మీద కూడా లేదు.)

కానీ మా ఖాలా కొడుకు వకీలు. వాడు ఒక్క మాటతో మామూ నోరు మూయించాడు. "కానూన్ తెలీదనడం ఉజ్ర్ కాదు మామూ. గెజిట్‌లో అచ్చయితే అందరికీ తెలిసినట్టే లెక్క."

మామూ ఖామోష్. నాకు నిద్ర పట్టలేదు. గెజిట్ గొప్పదా, తఖ్తీ గొప్పదా? ఈ సవాల్ మన జమానాలో పుట్టింది కాదు. దీనికి పాత చరిత్రే ఉంది, అందులో మన ఉర్దూ కూడా ఉంది.

ముందు మాటల సంగతి. చలాన్ అంటే ఇవాళ మనకి జుర్మానా రసీదు. కానీ అసలు అర్థం అది కాదు. చల్నా, చలానా నుంచి వచ్చిన మాట ఇది, పంపడం అని భావం. సరుకుతో పాటు వెళ్లే కాగితం చలాన్. ఖజానాకి డబ్బుతో పాటు వెళ్లేది చలాన్. పోలీసు ఒక మనిషి మీద ఇల్జామ్ పెట్టి అదాలత్‌కి పంపితే, దాన్నీ చలాన్ చేయడం అనేవారు. ఉత్తరాదిలో, పాకిస్తాన్‌లో పోలీసు చార్జిషీటుని ఇప్పటికీ చలాన్ అనే అంటారు. అంటే చలాన్ ఫైసలా కాదు. ఫైసలా చేసే మనిషి దగ్గరికి పంపే కాగితం మాత్రమే. ఫోన్‌లో మెసేజ్ రాగానే మనం నేరం రుజువైపోయిందనుకుంటున్నాం. ఆ మాట పుట్టుకలోనే అదాలత్ ఉందని మర్చిపోయాం.

జుర్మానా కథ ఇంకా తమాషా. జుర్మ్ నుంచి జుర్మానా. తెలుగు నోట్లో పడి అది జుల్మానా అయింది. జుర్మ్ అంటే నేరం, జుల్మ్ అంటే దౌర్జన్యం. ఒక్క అక్షరం మార్చి జనం తమ అభిప్రాయం చెప్పేశారేమో అనిపిస్తుంది నాకు, భాషావేత్తలు ఒప్పుకోకపోయినా సరే. ముద్దాయి అయితే ఏకంగా తలకిందులైంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడు. అదాలత్‌కి ఫిర్యాదుతో వెళ్లినవాడు నిందితుడిగా బయటికి రావడం మన పల్లెల్లో ఎన్నిసార్లు జరిగితే ఒక మాట అలా తిరగబడుతుంది?

ఈ మాటలన్నీ మన నేలలోకి ఎలా వచ్చాయో మనకి తెలుసు. నిజాం రాజ్యంలో ఫార్సీ పోయి 1880లలో ఉర్దూ దర్బారు భాష, కచేరీ భాష అయింది. 1918లో పెట్టిన ఉస్మానియాలో కానూన్ చదువు కూడా ఉర్దూలోనే. ఫర్మాన్లు, కొత్త చట్టాలు 'జరీదా ఎ ఏలామియా' అనే సర్కారీ గెజిట్‌లో అచ్చయ్యేవి. అపీలుని మురాఫా అనేవారు. ఆ ఉర్దూ కానూనీ జబాన్ అందంగా ఉంటుంది, కాదనను. మా దాదాజాన్ దాచిన కాగితాల్లో ఒక దరఖాస్తు ఉంది, అక్షరం అక్షరం ముత్యాల్లా ఉంటాయి.

ఇక్కడ మనం ఒక చేదు మాట కూడా ఒప్పుకోవాలి. ఆ రాజ్యంలో దాదాపు సగం మంది ఇంటి మాట తెలుగు. చదువొచ్చినవాళ్లే తక్కువ, ఉర్దూ చదవగలిగినవాళ్లు ఇంకా తక్కువ. జరీదాలో అచ్చయిన హుకుం రామగుండం పక్క పల్లెలో రైతుకి ఎలా తెలియాలి? డప్పు చాటింపుతో తెలియాలి. చాటింపు వేసేవాడికి పటేలు, పట్వారీ ఎంత చెబితే అంతే. మధ్యలో ఏం కలిసిందో, ఏం జారిపోయిందో ఎవరికెరుక. మనకి తియ్యగా వినిపించిన జబాన్ మన పక్కింటివాడికి దుమ్ము పట్టిన తఖ్తీలా ఉండేది. ఈ మాట రాస్తే మనవాళ్లు కొందరు నా మీద అలుగుతారని తెలుసు. అయినా మామూ కేసులో మనం అడిగే హక్కునే ఆ రైతు కూడా అడగగలిగి ఉండాల్సింది.

రియాసత్ జమానాలో జరిగిన ఇలాంటి సంగతే ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హైదరాబాద్ నుంచి కాదు, జైపూర్ నుంచి. 1922లో జైపూర్ మహారాజా చనిపోతే వారసుడు ఇంకా చిన్నపిల్లవాడు. మంత్రుల కౌన్సిల్ రాజ్యం నడిపింది. 1923లో ఆ కౌన్సిల్ నల్లమందు మీద ఒక చట్టం చేసింది. చేసిందంటే, గదిలో కూర్చుని తీర్మానం రాసుకుంది. గెజిట్‌లో వేయలేదు. చాటింపు వేయలేదు. ఎక్కడా ఎవరికీ చెప్పలేదు. పాతికేళ్ల తర్వాత, 1948లో, హర్లా అనే మనిషిని ఆ చట్టం కింద పట్టుకుని యాభై రూపాయల జుర్మానా వేశారు.

యాభై రూపాయలు! ఆ కేసు 1951లో సుప్రీంకోర్టుకి చేరింది. కేసుగా చూస్తే చిన్నదేనని తీర్పు మొదట్లోనే జడ్జీలు ఒప్పుకున్నారు. కానీ అడిగిన ప్రశ్న చిన్నది కాదు. ఎవరికీ తెలియని చట్టం చట్టమేనా? జస్టిస్ వివియన్ బోస్ రాసిన ఫైసలా సారాంశం ఇది: ప్రజలకి తెలిసే వీలు లేకుండా, మూసిన తలుపుల వెనక చేసిన కానూన్‌తో మనిషిని శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధం. అమల్లోకి రావాలంటే ముందు దాన్ని ఏదో ఒక గుర్తించదగ్గ పద్ధతిలో ప్రకటించాలి. హర్లా మీద జుర్మానా కొట్టేశారు.

ఆ తీర్పులో నెపోలియన్ కోడ్ ప్రస్తావన కూడా వస్తుంది. 1804 నాటి ఆ ఫ్రెంచి కోడ్ మొదటి ఆర్టికల్ చూస్తే నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. చట్టం ప్రకటించిన చోట ఒక రోజుకి అమల్లోకి వచ్చినట్టు. దూరపు జిల్లాల్లో అయితే ప్రతి పది మిరియామీటర్లకి, అంటే దాదాపు వంద కిలోమీటర్లకి, ఇంకో రోజు కలుపుకోవాలి. గుర్రం మీద కబురు చేరేదాకా కానూన్ కూడా ఆగాలి. ఆ లెక్కన హైదరాబాద్‌లో పుట్టిన హుకుంకి గోదావరిఖని జనం రెండు రోజులు ఆలస్యంగా లొంగితే చాలు. మదర్సాలో ఉసూలె ఫిఖ్హ్ చదివిన మా చాచా ఇది విని, బయాన్ కంటే ముందు ఇకాబ్ లేదని మా ఉలమా ఎప్పుడో తేల్చారు కదా అన్నారు. చెప్పడం ముందు, శిక్ష తర్వాత.

వకీలు తమ్ముడు ఊరుకోలేదు. హర్లా కేసులో అసలు గెజిటే లేదు, గెజిట్ ఉంటే కథ వేరు అన్నాడు. వాడి మాట నిజమని చరిత్రే చెబుతుంది. 1962 నవంబర్ 27న మేయర్ హన్స్ జార్జ్ అనే జర్మన్ మనిషి జూరిచ్‌లో విమానం ఎక్కాడు, మనీలాకి. జాకెట్‌లో 34 కిలోల బంగారం. విమానం మధ్యలో బొంబాయిలో ఆగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, నవంబర్ 24న, ఇండియా మీదుగా వెళ్లే బంగారం మీద రిజర్వ్ బ్యాంక్ కొత్త నోటిఫికేషన్ గెజిట్‌లో వచ్చింది. నాలుగు రోజుల కిందటి గెజిట్ జూరిచ్‌లో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? బొంబాయి హైకోర్టు వదిలేసింది. కానీ 1964లో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల మెజారిటీతో శిక్ష నిలబెట్టింది. గెజిట్‌లో వచ్చింది కాబట్టి చాలు, అతని చెవిన పడిందా లేదా అన్నది అనవసరం అంది. అప్పటిదాకా జైల్లో గడిపింది చాలని శిక్ష మాత్రం తగ్గించింది.

ఒప్పుకోని మూడో జడ్జి మన రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు. 1954లో గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టుకి తొలి చీఫ్ జస్టిస్, తర్వాత 1966లో దేశానికే చీఫ్ జస్టిస్. తెలిసి చేసిన తప్పు అనేది లేకుండా నేరం లేదన్న వైపు నిలబడ్డారాయన. ఓడిపోయిన అభిప్రాయమే, కానీ పరాయి దేశపు ప్రయాణికుడి తరఫున ఒక తెలుగు జడ్జి ఒంటరిగా రాసిన ఆ పేజీలు నాకు ఇష్టం.

సరే, సుబ్బారావుగారిది మైనారిటీ. అయితే మామూ ఓడినట్టేనా? నేనూ అలాగే అనుకున్నాను, 1988 మోటారు వాహనాల చట్టం తెరిచేదాకా. అక్కడ కథ మలుపు తిరిగింది.

సెక్షన్ 112 చూడండి. ఒక రోడ్డు మీద ప్రత్యేకంగా స్పీడు హద్దు పెట్టాలంటే సర్కారు రెండు పనులు చేయాలి. గెజిట్‌లో నోటిఫికేషన్ వేయాలి, దాంతో పాటు తగిన చోట తగిన సైన్ బోర్డు పెట్టించాలి. చట్టం రెండింటినీ కలిపే చెప్పింది. 'లేదా' అనలేదు. సెక్షన్ 115 ఇంకా ముందుకెళ్తుంది. ఒక రోడ్డులో బండ్లు తిరగకూడదని నిషేధం పెడితే బోర్డు పెట్టి తీరాలి. నిషేధం నెల రోజులకి మించకపోతే గెజిట్ కూడా అక్కర్లేదు, కానీ స్థానికంగా ప్రచారం చేయాలి. చూశారా, బంగారం కేసులో సర్వశక్తులూ ఉన్న గెజిట్, రోడ్డు మీదికి వచ్చేసరికి ఒక్కోసారి అక్కర్లేకుండా పోతుంది. తఖ్తీ, చాటింపు మాత్రం పోవు. గంటకి యాభై కిలోమీటర్ల మీద పోయేవాడు గెజిట్ చదవలేడని చట్టం రాసినవాళ్లకి తెలుసు. 1939 నాటి పాత చట్టంలోనూ ఇదే ఆలోచన ఉంది.

సెక్షన్ 116 అయితే మామూకి చదివి వినిపిస్తే లేచి కూర్చున్నారు. బోర్డు సైజు, రంగు, ఆకారం చట్టం షెడ్యూల్‌లో చెప్పినట్టే ఉండాలి. ఎవరో బ్రష్‌తో రేకు మీద రాసి కట్టిన అంకె దాని కిందికి రాదు. అంకెల్ని, అక్షరాల్ని సర్కారు తనకి తోచిన లిపిలో కూడా కలపొచ్చు, సైజు, రంగు మాత్రం అలాగే ఉండాలి. 2017లో ఉర్దూ తెలంగాణ మొత్తానికీ రెండో అధికార భాష అయింది కాబట్టి, ఆ వెసులుబాటు మన పిల్లలకీ గుర్తుండాలి. ఇంకొకటి, సైన్ బోర్డుని కనపడకుండా కప్పేసే ప్రకటనల్ని పీకించే అధికారం పోలీసు పెద్ద అధికారికి అదే సెక్షన్ ఇచ్చింది. పుట్టినరోజు ఫ్లెక్సీ అన్నమాట! ఎవరి బండైనా పొరపాటున బోర్డుకి తగిలి దెబ్బతింటే 24 గంటల్లోపు పోలీసుకి చెప్పాలని కూడా ఉంది. బోర్డు అంటే చట్టానికి ఎంత లెక్కో చూడండి.

బోర్డుల్లో అక్షరాల కంటే బొమ్మలు ఎందుకుంటాయో చాలామంది అడగరు. 1909లో పారిస్‌లో మోటారు కార్ల మీద తొలి అంతర్జాతీయ ఒప్పందం జరిగినప్పుడు నాలుగే గుర్తులు పెట్టుకున్నారు: గతుకు, వంపు, కూడలి, రైల్వే గేటు. సరిహద్దు దాటే డ్రైవరుకి అవతలి దేశపు జబాన్ రాదు కదా. అక్కడ మొదలైన దారి 1968 వియన్నా ఒప్పందం దాకా వచ్చింది, ఇండియా అందులో 1980లో చేరింది. ఎర్ర చుట్టు ఉంటే హుకుం, ముక్కోణం ఉంటే హెచ్చరిక. బడి గడప తొక్కనివాడికి కూడా అర్థమవ్వాలని పుట్టిన జబాన్ అది. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో రోడ్డు సర్వీసు మొదలుపెట్టినప్పుడు ఉర్దూ జరీదా చేయలేని పని, ఒక ఎర్ర గుండ్రం చేయగలదు. దుమ్ము తుడిస్తే.

ఇంగ్లండులో ఈ సంగతి ఇంకా సూటిగా రాసుకున్నారు. అక్కడి 1984 చట్టం సెక్షన్ 85 ప్రకారం, వీధిదీపాల వరసే హద్దు చెప్పే రోడ్లని పక్కనపెడితే, సైన్ బోర్డులతో హద్దు చూపించకపోతే స్పీడు నేరం కింద శిక్ష వేయడానికే లేదు. 2006లో అక్కడి హైకోర్టు ముందుకి ఒక డ్రైవరు అపీలు వచ్చింది. పొదలు పెరిగి బోర్డుల్ని కమ్మేశాయి. బండిని కెమెరా పట్టిన చోటికి వచ్చేసరికి డ్రైవరుకి హద్దు తెలిసే అవకాశం ఉండాలి, బోర్డు ఎక్కడో ఒకచోట ఉంటే సరిపోదు అని కోర్టు తేల్చి, అతని పక్షాన నిలిచింది. ఇంగ్లండులో పొదలు, మన దగ్గర బొగ్గు దుమ్ము. మన కోర్టుల్ని ఆ తీర్పు కట్టిపడేయదు, నిజమే. కానీ వకీలు చేతిలో అదొక మంచి నజీర్.

మన దగ్గర కూడా 2019 సవరణ తర్వాత ఒక మెట్టు ఎక్కారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధన 167ఎ ప్రకారం స్పీడ్ గన్, కెమెరా లాంటి యంత్రాలతో పట్టుకునే చోట, ఇక్కడ నిఘా ఉందని ముందే స్పష్టంగా బోర్డు పెట్టాలి. యంత్రానికి సరైనదేనని సర్టిఫికెట్ ఉండాలి. నోటీసు పదిహేను రోజుల్లో పంపాలి. ఒక్క మనిషి కంటిచూపు అంచనాతో మాత్రమే ఎవరికీ స్పీడు శిక్ష వేయకూడదని సెక్షన్ 183 ముందునుంచీ చెబుతూనే ఉంది. అదే సవరణలో సెక్షన్ 198ఎ అని ఒకటి కలిపారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా, రోడ్డు బాధ్యత ఉన్నవాళ్లకే లక్ష రూపాయల దాకా జుర్మానా. జుర్మానా రెండు వైపులా నడిచే సడక్ అని మొదటిసారి రాశారు.

ఇక మామూ ఏం చేశారో చెప్తాను, మీలో ఎవరికైనా పనికొస్తుందని. ఆన్‌లైన్‌లో కట్టలేదు. కడితే సెక్షన్ 200 కింద రాజీ అయినట్టు, కథ అక్కడితో ఖతం. అదాలత్‌లో నిలబడి నేరం ఒప్పుకున్నా అంతే, ఆ తర్వాత అపీలు శిక్ష ఎంత, సరైనదేనా అన్నంతవరకే. ఒప్పుకోకుండా వాదించి ఓడితే మాత్రం సెషన్స్ కోర్టుకి అపీలు ఉంది. వంద, రెండు వందలు దాటని చిన్న జుర్మానాల మీద అపీలు లేదు, వెయ్యి మీద ఉంది. మన చలాన్ వెయ్యికి చేరడం వల్ల దొరికిన ఒకే ఒక్క లాభం ఇదేనేమో.

సబూత్ కోసం మామూ బాయి మనిషి లాగానే పని చేశారు. టేపు పెట్టి బోర్డు ఎత్తు కొలిచారు. వంద అడుగుల దూరం నుంచి, యాభై నుంచి, ఇరవై నుంచి ఒక్కో ఫోటో, ప్రతిదాంట్లో తారీఖు కనపడేలా. తర్వాత సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి మూడు ప్రశ్నలు వేశారు. ఈ రోడ్డుకి సెక్షన్ 112 కింద గెజిట్ నోటిఫికేషన్ నంబరు, తేదీ ఏంటి? బోర్డు ఎప్పుడు పెట్టారు, చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారు? స్పీడ్ గన్ సర్టిఫికెట్ కాపీ ఏది? జవాబుకి ముప్ఫై రోజులు గడువు. దరఖాస్తు తెలుగులో నేను రాశాను. కింద సంతకం మాత్రం మామూ ఉర్దూలో చేశారు, ముప్ఫై నాలుగేళ్లు మస్టర్ రిజిస్టర్‌లో చేసినట్టే.

ఫోటోలు తీసిన రోజు వెనక్కి వచ్చేటప్పుడు మామూ మళ్లీ బండి ఆపమన్నారు. డిక్కీలోంచి నీళ్ల సీసా తీసి, దస్తీ తడిపి, చెయ్యి అందినంత మేర బోర్డు తుడవడం మొదలుపెట్టారు. "అరే మామూ, అది మన సబూత్!" అన్నాను. "సబూత్ నీ ఫోన్ల ఉన్నది కదా. ఎన్కకొచ్చే పోరడు చూడొద్దా?" అన్నారు. ఎర్ర చుట్టు బయటపడింది, తర్వాత నాలుగు, తర్వాత సున్నా. అంతలో ఒక బొగ్గు టిప్పర్ మా పక్కనుంచి పోయింది. మామూ ముఖం మీద, తడి దస్తీ మీద, తుడిచిన బోర్డు మీద మళ్లీ దుమ్ము. మామూ దస్తీ దులిపి జేబులో పెట్టుకున్నారు, స్కూటర్ ఎక్కి నన్ను నలభై దాటొద్దన్నారు.